మే నెలలో హీటరు

అరండల్‌పేట కొట్టువాడు నన్ను
పైనించి కిందిదాకా చూశాడు.
"గుంటూరులో, మే నెలలో, హీటరా?"
చంకలో మడిచిన స్వెట్టరు చూసి
ఇంకేం అడగలేదు.

అటక మీంచి రెండు దించాడు.
ఒకటి రాడ్లది: వెనక మెరిసే రేకు, ముందు జాలీ.
ఒకటి నూనెది: హార్మోనియం మడతల్లాంటి పక్కటెముకలు,
కింద నాలుగు చక్రాలు.
"ఏది మంచిది?"
"ఎవరికి?" అన్నాడు.
ఆ మాటకి డబ్బు తీసుకోలేదు.
హీటర్లకి మాత్రం రెండింటికీ తీసుకున్నాడు,
నచ్చనిది వాపసు తెమ్మని.

మా కోల్డ్ స్టోరేజీలో
చాంబరుకీ ఎండకీ నడుమ ఒక గది.
అటు తలుపు తీస్తే ఆరు డిగ్రీలు,
ఇటు తలుపు తీస్తే నలభై నాలుగు.
నడుమ కూచుని లాట్ నంబర్లు రాస్తాను నేను.
అటు తలుపే ఎక్కువ తీస్తారు.
వేళ్ళు కొయ్యబారి
నా ఏడు ఒకటిలా పడుతుంది.
అట్టా ఒకసారి తేజ మిర్చి ఆరు బస్తాలు
రిజిస్టర్లో మాయమయ్యాయి.

మొదట రాడ్లది పెట్టాం.
నొక్కీనొక్కగానే దొండపండు రంగు.
ఇది గదిని పట్టించుకోదు.
మధ్యనున్న గాలిని పలకరించనైనా పలకరించకుండా
నేరుగా వచ్చి
మోకాలిచిప్ప మీద చెయ్యేస్తుంది.
ఎవరైనా అడ్డం నిలబడితే
ఆ చెయ్యి అక్కడే ఆగిపోతుంది.
వేడికీ నీడ ఉంటుందని
నలభై ఏళ్ళకి తెలిసింది నాకు.

ఏసురత్నం మావ చాంబర్లోంచి వచ్చి
ఛాతీ కాచుకుని, వీపు తిప్పి,
మళ్ళీ ఛాతీ.
బొగ్గుల మీద మొక్కజొన్న కంకి.
"ఒక పక్కనే ప్రేమరా దీనికి" అన్నాడు.
ఇంతలో బస్తాల దుమ్ము రాడ్ల మీద రాలి
మాడింది.
తాలింపు మాడితే ఇల్లు దగ్గుతుంది.
మిరప్పొడి మాడితే
గది, లారీ, లారీ డ్రైవరు, అందరూ.

మర్నాడు నూనెది.
అరగంట ఏమీ లేదు.
వేడెక్కిన గాలి ఎవరికీ చెప్పకుండా పైకెళ్ళి
రేకుల కింద బల్లికి ముందుగా అందింది.
చల్లగాలి కిందికి దిగి
తన వంతుకి వరసలో నిలబడింది.
గంట గడిచాక అందరికీ ఒకటే వెచ్చదనం.
మూలన చిరిగిన గోనెలు కుట్టే నాగూర్ బీకి కూడా.
ఆమె తల ఎత్తి చూసింది,
ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు.

అప్పుడే
నలభై బస్తాలకి చాంబరు తలుపు తీశారు.
గంటసేపు కూడబెట్టింది
గుమ్మం దాటడానికి
ఒక్క నిమిషం పట్టలేదు.

అమ్మోనియా మిషను చూసే బాజీ
చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.
"కిందామీదా పడి నేను చల్లబరుస్తుంటే
మీరిక్కడ గాలిని వెచ్చబెడతారా?
తలుపు నిలవని గదిలో
గదిని కాదయ్యా, మనుషుల్ని కాచుకోండి."
నిజమే.
తలుపేసుకుని పడుకునే వాళ్ళకి నూనెది.
వచ్చీ పోయే వాళ్ళకి రాడ్లది.

కాకపోతే రాడ్ల చూపు
నాగూర్ బీ మూలకి వంగదు.
ఆమె జరగదు, వెలుతురు అక్కడే.
అడగదు కూడా.
నేనే బల్ల మూడడుగులు జరుపుకున్నాను.
ఇప్పుడు ఆమె సూది మీద ఎర్రగా మెరుస్తుంది.
నా ఏడు మళ్ళీ ఒకటిలా పడుతోంది,
రెండుసార్లు దిద్దుతున్నాను.
నూనెదాన్ని వాపసు ఇవ్వలేదు.
ప్లగ్ తీసేసి, దాని మీద
అందరి టిఫిను క్యారేజీలు పెట్టుకుంటున్నాం.

ఒంటిగంటకి డ్యూటీ దిగి
నడుమ గదిలో కాసేపు కూచుని
బయటికొచ్చాం.
నెత్తి మీద కొలిమి ఒకటి, ఎదురుగా వడగాలి,
బిల్లు లేకుండా రెండూ.
యార్డు రోడ్డు మీద కుక్క కూడా లేదు.
ఏసురత్నం మావ లారీ పక్కన ఆగి
ఎండకి ఛాతీ చూపించాడు.
ఆ తర్వాత, అలవాటు కొద్దీ,
నెమ్మదిగా
వీపు తిప్పాడు.