దుమ్ము అని రాసిన గడి

తువ్వాల్లో చుట్టుకొచ్చినాడు వన్నూరప్ప,
కళ్యాణదుర్గం బస్సులో ఒళ్లో పెట్టుకుని,
పొదిగే గుడ్డు మాదిరి.
"రాత్రి కరెంటు ఎగిసిందిప్పా. పొద్దునకల్లా తెర నీలంగా నిలబడిపోయింది.
ఇరవై రెండేండ్ల బోర్ల లెక్క ఇందులోనే ఉండాది."

చెవికి ఆనించుకున్నా.
టిక్కు. టిక్కు. కాసేపు ఏమీ లేదు. టిక్కు.
లోపల సూది చోటు వెతుక్కుంటోంది, దొరక్క మొదటికొస్తోంది.
ఇట్లాంటిదాన్ని ఊరికూరికే ఆన్ చేయకూడదు,
అడిగిన ప్రతిసారీ ఇంకొంచెం చస్తుంది.
ఫ్రిజ్‌లో పెడితే బతుకుతుందని ఎవరో చెప్పినారంట,
ఒక రాత్రి పెట్టి తెచ్చినాడు. తువ్వాలు ఇంకా చెమ్మగానే ఉంది.
నేనేమీ అనలేదు.

సప్తగిరి సర్కిల్ కాడ, టైర్ల కొట్టు మీద నా గది.
ఉన్న ఒక్క ఫ్యానూ డిస్కుకే, నాకు కాదు.
ముందు నకలు. వెతుకులాట ఆ తర్వాత.
మెత్తటి నేల తొందరగా దిగింది: నలభై శాతం, యాభై ఎనిమిది.
అక్కడ రాయి తగిలింది.
వన్నూరప్ప రిగ్గు కాడ నిలబడినట్టే నిలబడినాడు
చేతులు వెనక్కి కట్టుకుని, తెర మీద అంకెనే చూస్తా.
"ఇంకో రాడ్డు దించుతావా?"
దించలేదు. రాయిని వదిలి, చివరి నుంచి వెనక్కి చదివించినా.
మూడు రాత్రులు.

మొదట నీళ్లు పడినవి వచ్చినాయి.
ఊరు, సర్వే నంబరు, పేరు, అడుగులు, ఇంచులు.
బెళుగుప్పలో రెండించులు. శెట్టూరులో ఒకటిన్నర.
నాకు సంతోషమేసింది. ఆయనకు కాదు.
"ఇవి అందరికీ నోటికే వచ్చుప్పా.
ఎండినవి యాడ?"

ఎండినవన్నీ రాయి కిందే ఉన్నాయి.
నాలుగో రాత్రి ఒక షీటు పైకొచ్చింది, సగం మాటలు, సగం పెంకులు.
నీళ్ల గడిలో ఒకటే మాట, కిందికీ కిందికీ:
దుమ్ము
దుమ్ము
దుమ్ము
మధ్యమధ్య అక్షరాలు చెదిరి ఉత్త పెట్టెలైనాయి.
వాటి మీద వేలు పెట్టి చెప్పుకుంటా పోయినాడు:
"ఇది మారెక్క చేను, ఆరొందల నలభై. గొర్రెలమ్మి ఏయించింది.
ఇది కుందుర్పి అక్కులన్నది, మూడోది. నాలుగోది వద్దంటే ఇనలేదు."
నేను టైపు కొడుతూనే ఉన్నా.

ఒక గడి కాడ వేలు ఆగింది.
చానాసేపు. కింద గాలి పట్టే మిషను మోగి, ఆగి, మళ్లీ మోగింది.
"గుర్తుకు రాలేదు."
పక్క చేన్లు రెండూ దుమ్మే, ఇదీ అంతే అనుకుందామా అన్నా.
"వద్దు. ఖాళీగా పెట్టు.
మనకు తోచింది రాస్తే రేపెవడో నమ్ముతాడు.
నమ్మి ఏసినా మన పాపమే, నమ్మి మానుకున్నా మన పాపమే."

రెండు పెన్‌డ్రైవుల్లో వేసిచ్చి
ఒకటి వేరేవాళ్ల ఇంట్లో పెట్టమని చెప్పినా.
చచ్చిన డిస్కును కూడా అడిగి తీసుకున్నాడు, అదే తువ్వాల్లో.
"ఎండిన బోరుకూ మూత ఏయల్ల గదప్పా."

మెట్లు దిగినాక వినపడింది,
కంబదూరు బస్సు ఎన్నింటికని టైర్లాయన్ని అడుగుతున్నాడు.
ఆ ఖాళీ గడి పక్కన ఉన్న ఊరు
కంబదూరు.