మర్జాన్ కాయితాలు

మస్కట్‌కు మారిపోతాండారు మావోళ్లు.
సోఫాలకు అట్టపెట్టెలు చాలు,
మర్జాన్‌కు మాత్రం కాయితాలు కావల్ల.
బూడిదరంగు చిలక అది,
తోకకు మాత్రం ఎవురో గోరింటాకు పెట్టినట్టు ఎరుపు.

కాలికి ఉంగరం ఉండల్ల, ఉంగరం మీద నంబరు ఉండల్ల,
ఆ నంబరే అన్ని కాయితాల్లో ఉండల్ల.
అడివిలో పట్టింది కాదు, పంజరంలో పుట్టిందే అని
ఒక సర్కారు ముద్ర.
ఆ పక్క దేశమోళ్లు "రానీ" అని రాసిచ్చిన చీటీ.
గొంతులో దూదిపుల్ల తిప్పి, జబ్బు లేదని రిపోర్టు,
అదిగూడా పాతబడితే చెల్లదు.
పెట్టెకు మూడు పక్కలా గాలి,
కూచునేదానికి కట్టె, వొలకని నీళ్ల గిన్నె.
మామా చదువుతాంటే నేను వేళ్లు మడుస్తా పోయినా.
(మామా అంటే మన మామ కాదు, ఇంటామె.
ఇంటాయన బాబా. ఈ వరసలు అలవాటయ్యేకి
నాకొక ఎండాకాలం పట్టింది.)

షువైఖ్‌లో పిట్టల డాక్టరు హాతిమ్, ఈజిప్టాయన.
రెక్క ఇప్పి చూసినాడు, ముక్కు తట్టి చూసినాడు,
ఉంగరం నంబరు రెండుసార్లు చదివినాడు.
రాసేకి కలం మూత గూడా తీసినాడు.
అప్పుడు ఇడిసింది మర్జాన్
ఒక ఊపిరి.

పొడుగుది. అడుగునుంచి వచ్చేది.
చివర్లో కొంచెం గరగర.

కలం మూత పెట్టేసినాడు డాక్టరు.
"ఎన్నాళ్లనుంచి ఇట్లా?"
మామా నా తట్టు చూసింది. పంజరం కడిగేది నేనే గదా.
రొమ్ముపడిశమో, ఇంకేందో, ఫోటో తీయల్ల,
మూడు వారాలు ప్రయాణం ఆపల్ల, అన్యాడు.

నాకు చెవులు కాలినాయి.
ఆ ఊపిరి నాకు తెలుసు.

గిన్నెలన్నీ బోర్లించి, పదకొండు దాటినాక
వంటింటి వెనకాల నిలబడి పుల్లంపేటకు ఫోను చేస్తా.
మా చెల్లెలు గంగరత్న ఎత్తుతాది.
కాలు వాపు తగ్గిందా అంటాది. తగ్గింది అంటా.
జీతం ఇచ్చినారా అంటాది. ఇచ్చినారు అంటా.
"నాకేంమ్మే, నేను బాగుండా" అని పెట్టేస్తా.
పెట్టేసినాక, ఎవురూ లేరనుకోని...

గుడ్డ కప్పిన పంజరంలో ఒకరుండారని
యా రోజూ అనుకోలా.

"అది జబ్బు కాదు డాక్టర్, అది నేను" అన్యా,
నాకొచ్చిన అరబ్బీలో.
ఆయనకు అర్థం కాలా.
"చేసి చూపించు" అన్యాడు.

పదిమంది ముందర ఏడ్సమన్నా ఏడ్సొచ్చు,
అడిగితే ఊపిరి ఇడిసేది కష్టం. రాలా.
పిల్లులోళ్లు, కుక్కలోళ్లు అందురూ చూస్తాండారు.
అప్పుడు చెయ్యి చెవికి ఆనించుకున్యా, ఫోను మాదిరి.
"నాకేంమ్మే" అన్యా.
"నేను బాగుండా" అనింది మర్జాన్,
నా గొంతుతోనే, నాకంటే ముందే.
ఆమైన ఇద్దరం కలిసి ఇడిసినాం.

డాక్టరు నవ్వలా. అది నాకు నచ్చింది.
చెవుల గొట్టం దాని రొమ్ముకు మళ్లా పెట్టి
కొంచేపు ఇన్యాడు.
గొట్టం చేతిలోనే పట్టుకోని నన్ను చూసినాడు.
ఏమీ అడగలా.
"ఆరోగ్యం" అని రాసి ముద్ర కొట్టినాడు.

నేనొచ్చిన ఏడు మద్రాసులో నాకూ కొట్టినారు ఆ ముద్ర.
రొమ్ముకు ఫోటో తీసి, వెలుతురుకు పట్టి చూసినారు.
ఏం కనపడలా.
ఆ నల్ల ఫోటో ఇంకా నా పెట్టె అడుగునే ఉంది.

బేస్తవారం పోయినారు.
నన్ను సాల్మియాలో మామా వాళ్లక్క ఇంటికి పంపించినారు.
ఆడ పిట్టల్లేవు. ముగ్గురు పిల్లోళ్లు, తొమ్మిది తివాచీలు.

నెల తర్వాత మామా ఫోను చేసింది.
రాత్రి దీపాలు ఆర్పినాక మర్జాన్ ఏందో అడుగుతాందంట,
ఆ ఇంట్లో ఎవురికీ తెలీలేదంట,
ఏం కావల్ల దానికి, అని.

"ఫోను దాని దగ్గిర పెట్టు మామా" అన్యా.
రెక్కల చప్పుడు. కట్టె మీద గోళ్ల చప్పుడు.
"తిన్యావామ్మే?" అనింది.

తిన్యా, అని చెప్పినా.
చెప్పి, ఊపిరి బిగబట్టుకున్యా,
అది ఇంటాదని.