వెనక పేజీ

రీగా నుంచి పెట్టెలో వచ్చాయి
కొత్త కరపత్రాలు. ఇంకా ఇంకు వాసన పోలేదు.
అట్ట మీద బోసినవ్వుల పాప.
దానికి జన్మలో జలుబు చేసి ఉండదు.

"మీ అభిప్రాయం చెప్పండి" అన్నారు.
పొడవాటి బల్ల చుట్టూ పన్నెండు మంది నర్సులం, ముగ్గురు డాక్టర్లు.
మధ్యలో పళ్ళెం నిండా సీమజీలకర్ర చీజ్ ముక్కలు.
ఎవరూ ముట్టుకోలేదు.
డాక్టర్ అవుస్మా కళ్ళజోడు సవరించుకుని
"సమాచారం స్పష్టంగా ఉంది" అంది.
గుంటిస్ అనే కుర్రవాడు రాసుకున్నాడు:
స్పష్టంగా ఉంది.

నా వంతు వచ్చింది.
ముప్పై ఒక్కేళ్ళుగా రేజెక్నేలో
పసితొడల మీద సూది దించిన చేతులు
ఒళ్ళో పెట్టుకుని
నీళ్ళు నమిలాను.

నాలుగో పేజీలో "అరుదు" అని ఉంది.
తప్పు మాట కాదు. నేనూ వందసార్లు అన్న మాటే.
మార్చిలో, మంచు కరిగి దారులన్నీ బురదైన రోజు
ఎవీత వచ్చింది, మూడు నెలల పిల్లని శాలువాలో చుట్టుకుని.
బూట్లు గుమ్మం బయటే విడిచింది. ఒక మేజోడుకి చిల్లు.
ఆ మాట మీద వేలు పెట్టింది.
"ఎన్నో లక్షల్లో ఒకరికి అని రాశారు.
నాకున్నదీ ఒక్కతే."

చదువుకున్నదంతా నాలుక చివరిదాకా వచ్చి
వెనక్కి తిరిగిపోయింది.

భయపెట్టడం నాకు చేతకాక కాదు.
తొంభైల్లో కంఠసర్పి వార్డులో రాత్రి డ్యూటీ చేశాను.
బిర్చ్ చెట్టు బెరడు ఒలిచినట్టుండే ఆ ఊపిరి చప్పుడు
ఇప్పటికీ చేసి చూపించగలను.
ఒకసారి చూపించాను కూడా, ఒక తల్లికి.
వణుకుతూ సంతకం పెట్టింది.
మొదటి డోసు పడింది.
రెండో డోసుకి ఆమె నా గడప తొక్కలేదు.
బజారులో ఎదురుపడితే
ఉల్లిపాయల బుట్టలోకి తల దించుకుంది.

అందుకని ఎవీతకి చప్పుడు వినిపించలేదు.
"మా ఇనార్స్‌కి వేయించిన రాత్రి
నేను నిద్రపోలేదు" అన్నాను.
"మీరా?"
"నేనే. గంటకోసారి లేచి నుదురు తడిమాను.
మూడింటికి కాస్త వెచ్చబడింది.
తెల్లారేసరికి వాడు పాలకి ఏడిచాడు, నేను ఊరికే ఏడిచాను."
కరపత్రం తిరగేసి, ముద్రణాలయం చిరునామా పక్కన
పెన్సిల్‌తో మా ఇంటి నంబరు రాశాను.
ఆమె బూట్లు తొడుక్కుని వెళ్ళిపోయింది.
సూది మందు ఫ్రిజ్‌లోకి వెళ్ళిపోయింది.

వారం తర్వాత అర్ధరాత్రి ఫోను.
పాపకి ఎక్కిళ్ళు ఆగట్లేదట.
అరగంట ఎక్కిళ్ళ గురించే మాట్లాడుకున్నాం.
ఇంకో రాత్రి, మాడు మీద పొక్కుల గురించి.
మరో రాత్రి అత్తగారి గురించి. అది నా శాఖ కాదు, అయినా విన్నాను.
టీకా మాట ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.
మే నెల గురువారం ఒకటి, బస్సు దిగి తిన్నగా వచ్చి
పిల్ల లాగు విప్పింది.
"ఈ రాత్రి మీరు ఫోను పక్కన పెట్టుకుంటారుగా?"

నా చేతిలో అందరూ కాదు ఎవీతలు.
లెక్క చెప్పమంటే తల వంచుకోవాలి.
ఇంకా రానివాళ్ళ పేర్లు నీలం పుస్తకంలో ఉన్నాయి.
వాళ్ళ వీధిలో నడిచేటప్పుడు అడుగు నెమ్మదిస్తాను.

ఇదంతా ఆ బల్ల దగ్గర చెప్పలేదు.
"వెనక పేజీ ఖాళీగా వదలండి" అన్నాను, అంతే.
"ముద్రణ ఖర్చు..." అన్నారెవరో.
గుంటిస్ తలెత్తాడు. "ఎంత ఖాళీ?"
రెండు వేళ్ళు ఎడంగా పెట్టి చూపించాను:
ఒక ఫోను నంబరు పట్టేంత. పెన్సిల్‌తో.
రాసుకున్నాడు. పక్కన ప్రశ్నార్థకం పెట్టాడో ఏమో,
నేను కూర్చున్న చోటికి కనిపించలేదు.

డాక్టర్ అవుస్మా చాలాసేపు తన వేళ్ళు చూసుకుంది.
తర్వాత పళ్ళెం నా వైపు జరిపింది.