నూట పది

హిమేనా రొప్పుతూ వచ్చింది,
వల్పరాయిసో మెట్లన్నీ దిగి, ఆంప్లిఫయర్ మోసుకుని.
ఓడలో వంటవాడెవడో అమ్మిపోయాడట.
వెనక రేకు మీద నూట పది.
మా గోడల్లో రెండొందల ఇరవై.

"ఇది చాలదా?" అంది,
అరచేతిలో ఇమిడే డబ్బా చూపించి.
అది తల ఆరబెట్టుకునే మిషన్లకమ్మా.
కరెంటుని కత్తిరించి పోస్తుంది,
నీ గిటార్ గొంతు గరగరమంటుంది.

ఇదిగో, ఇది ఎత్తి చూడు.
ఇనుప రేకులు, రాగి తీగ, నేను చుట్టిందే.
నూట యాభై వాట్లు తాగేదానికి
మూడొందలది తీసుకో.
నిండుకుండ తొణకదంటారు గానీ
ఇది నిండితే కమురు కంపు కొడుతుంది.
ఎర్త్ తీగ తెంపావంటే
మైకుకి పెదవి తగిలిననాడు నేను గుర్తొస్తాను.

ఒక్కటి నా చేతిలో లేదు.
వోల్టులు దించగలను.
సెకనుకి అరవైసార్లు ఊగడం నేర్చినదానికి
ఇక్కడ దొరికేవి యాభయ్యే.
కాస్త వేడెక్కుతుంది.
గంట వాయించాక వెనక చెయ్యి పెట్టి చూడు,
జ్వరం చూసినట్టు.

ఆంప్ తమ్ముడి నెత్తిన పెట్టి
దీన్ని తనెత్తుకుని, తిట్టుకుంటూ ఎక్కిపోయింది.
ఇచ్చింది సగం డబ్బే.
మిగతా సగం
రాత్రి పదింటికి కొండ మీంచి వినబడింది,
మూడో తీగ శ్రుతి తప్పి.