పలకని మెట్టు

లాలాగూడ రైల్వే ఇన్‌స్టిట్యూట్‌ల ఒక పియానో ఉండె.
క్యారమ్ బోర్డుల ఎనక, గోడకు మొహం పెట్టి,
శిక్షపడ్డ పిల్లగాని లెక్క.
మూత మీద చాయ్ గ్లాసుల గుండ్రాలు.
ఎనభై ఐదు మెట్లల్ల ఒక్కటి పలకకపోయేది,
నడిమిట్ల, 'ఫా'.
ముసురుకు తుప్పువట్టి మూడు తీగెలూ తెగినయి.

తీగె కలకత్తా నుంచి రావాలె.
సెక్రటరీ పద్దెనిమిది రూపాయలు నా చేతుల పెట్టిండు.
నాకు ఇరవై రెండేండ్లు.
జేమ్స్ స్ట్రీట్‌ల, అద్దం ఎనక, గోధుమరంగు బూట్లు.
ఇగ చెప్పేదేమున్నది.
"ఆర్డర్ పెట్టిన సార్, వస్తది" అన్న.
పద్నాలుగు నెలలు గదే మాట అన్న.

గా దినాలల్లనే వచ్చింది సలోమి,
ఫైర్‌మన్ దేవసహాయం బిడ్డ. తొమ్మిదేండ్లు.
పెడల్‌కు కాళ్లందవు.
మెట్టుగూడ చర్చిల ఆర్గన్ వాయించే మిస్ పింటో
మంగళారం, శుక్రారం నేర్పేది.
పాట ఉరుక్కుంట వచ్చి గా మెట్టు కాడ
గుంతల పడ్డట్టు ఆగేది.
ఒకనాడు ఆగలే.
ఏలు ఒత్తింది, ఉత్త కట్టె చప్పుడైంది,
పిల్ల నోట్లకెల్లి "మ్" అన్నది.
సక్కగ ఆడనే, ఎంతసేపు ఉండాల్నో గంతసేపే.
మిస్ పింటో తలెత్తి నన్ను చూసింది.
నేను నా బూట్లను చూసిన.

తర్వాత బాగుచేసిన, నా పైసలతోనే.
మెట్టు పలికింది. పిల్ల ఊకోలే.
తీగె "ఫా" అంటే గొంతు గూడ "మ్" అనేది.

ఎనకటి సంగతులు పేపర్లల్ల చూసిన,
చదివినోళ్లు చెప్తే విన్న.
మద్రాసుల పరీక్ష పెట్టినాయన రాసిండట,
వేళ్లకు నూటికి నూరు, నోటికి సున్నా.
లండన్ల గురువు పండ్ల నడుమ పెన్సిల్ పెట్టిచ్చిండట.
పెన్సిల్ మీద గాట్లు, గాట్ల ఎనక "మ్".
రికార్డింగోళ్లు మైకు జరిపిన్రు,
ఒక్క పేజీ పందొమ్మిదిసార్లు వాయింపించిన్రు.
ముప్పై ఏండ్లు హోటల్ గదులు,
బల్ల మీద వేళ్లతోటి చప్పుడు లేని సాధన,
ఇయాల మచ్చికై రేపు మరిచిపోయే పియానోలు.
ఉంగరపు ఏలు ఒక చలికాలమంత లేవలేదట.
పెండ్లి రెండేండ్లు నడిచిందట.
ఆఖరికి ఒక పెద్దమనిషి రాసిండు,
ఆ మూలుగు ఆత్మ చేసే ప్రార్థన అని.
పద్దెనిమిది రూపాయలు సార్ అది.
నాకు తెలుసు.

పోయిన డిసెంబర్ల రవీంద్రభారతికొచ్చింది.
పియానో బొంబాయి నుంచి లారీల వచ్చింది. శ్రుతి నాది.
పొద్దుగాల పదింటికి ఒక్కతే వచ్చి,
కళ్లద్దాలు తుడుచుకొని, మెట్లన్నీ ఒకసారి తడిమింది
జొరం చూసినట్టు.
నన్ను గుర్తువట్టలే.
చెప్దామనుకున్న. పెదవి దాకా వచ్చింది.
"బెంచీ కీసుమంటున్నది, నూనె ఉంటదా?" అన్నది.
నూనె పోసిన.

సాయంత్రం మూడో పాట, నెమ్మదిది.
అండ్ల ఫా మళ్లమళ్ల వస్తది, ఎవరో తలుపు కొట్టినట్టు.
తీగె పలికింది. గొంతు పలికింది.
రెండూ ఒకటి గావు.
గొంతు వెంట్రుకవాసి కిందికున్నది.
పక్క సీటాయన మొహం చిట్లించిండు.
నాకు చెమటవట్టింది.
లాలాగూడ పియానో తేమకు గంతే దిగి ఉండె.
ఇరుగుపొరుగు మెట్లు ఏడుంటే
ఆడ నిలవెట్టుకున్నది పిల్ల, లేనిదాన్ని.

ఇన్‌స్టిట్యూట్ కూలగొట్టిననాడు
ఆ పియానోను తూకానికి అమ్మిన్రు,
ఇనుము వేరే, కట్టె వేరే.

జేబుల ట్యూనింగ్ ఫోర్కు ఉండె. చెయ్యి పోలే.
కలవని రెండు స్వరాల నడుమ ఒక అల కొట్టుకుంటది,
మా పనోళ్ల చెవికే తెలుస్తది.
కండ్లు మూసుకొని లెక్కవెట్టిన.
సెకనుకు మూడు.