గాలి గడి

వంటింటి బల్ల మీద, రొట్టెపిండి తుడిచేసిన చోటే
త్రాసు పెట్టుకుంది రాగ్నా హోవ్లాండ్.
రాత్రి పదకొండు. మోంటానా తూర్పు కొస.
కిటికీ అవతల మార్చి నెల మంచు
కరగాలో వద్దో తేల్చుకోలేక మురికిపట్టి ఉంది.

ఇత్తడి గొట్టాలు వరసగా నిలబడ్డాయి,
పోలియో చుక్కలకొచ్చిన పిల్లల్లా నోళ్ళు తెరిచి.
ఒక్కోదాని నోట్లో కొలిచి పోస్తుంది మందు.
ఒక్క పలుకు ఎక్కువైనా పట్టకారుతో తీసేస్తుంది.
ఆపైన తూటా.
ఇరవై గురివింద గింజల ఎత్తు, అంతే.
పలచని రాగి చొక్కా, లోపల మెత్తని సీసం,
ముక్కున ఎర్రటి ప్లాస్టిక్ మొన.

ఆర్విన్ చిన్నాన్న మెచ్చుకున్న తూటా ఇది.
"లోపలికెళ్ళి పగలాలి, బయటికి రాకూడదు.
తోలుకి రెండో చిల్లు పడిందా,
కొనేవాడు సగం ధర కోసేస్తాడు," అనేవాడు
పిడికిలి బిగించి, ఠక్కున విప్పి చూపిస్తూ.
ఆ పిడికిలి ఎక్కడ విప్పుకోవాలో మాత్రం
తూటాకి ఎవరు చెబుతారో అనలేదు.

ఆదివారం గొర్రెల దొడ్డి వెనక
నూరు గజాల దూరాన అట్టపెట్టె నిలబెట్టింది.
ఇసక సంచీ మీద తుపాకీ. ఊపిరి సగం వదిలి, ఆపి,
మూడు సార్లు.
మూడు చిల్లులూ కలిసి ఒక్క చిల్లైపోయాయి,
మీద పెన్నీ బిళ్ళ పెడితే కనబడవు.
నోట్‌బుక్కులో రాసుకుంది: తేదీ, మందు ఎత్తు, తూటా ఎత్తు,
చిల్లుల మధ్య ఎడం అంగుళంలో మూడో వంతు.
గాలి అన్న గడిలో ఏమీ రాయలేదు.
ఆ రోజు గాలి లేదు మరి.
అట్టముక్క కత్తిరించి ఫ్రిజ్ తలుపుకి అంటించింది.

గురికీ గురివిందకీ చుట్టరికం ఉందో లేదో గానీ
ఆ గింజకి తన నలుపు తెలీదంటారు.
అట్టపెట్టెకి ఎముకలుండవు.
అది పిల్లగొర్రె వాసనకి తల తిప్పదు.

మంగళవారం తెల్లారేసరికి మూడు పిల్లలు పోయాయి,
ఒకదానికి పుట్టిన తడైనా ఆరలేదు.
వాగు గట్టు మీద కొయోటీ, అడ్డంగా నించుని,
రెండొందల అరవై గజాలు.
గడ్డి పరకలు ఎడమ నుంచి కుడికి వంగాయి.
చూసింది.
చూసింది గానీ ఎంత వంగాయో లెక్క కట్టలేదు,
ఫ్రిజ్ మీది అట్టముక్కే కళ్ళలో ఉంది.

గాలి తూటాని జానెడు పక్కకి నెట్టింది.
ఇచ్చిన మాట ప్రకారం తూటా పగిలింది,
కాకపోతే లోపల కాదు, భుజం ఎముక మీదే,
బండకేసి కొట్టిన మట్టిబెడ్డలా.
కొయోటీ గిర్రున తిరిగి, పడి, లేచి,
మూడు కాళ్ళ మీద వాగులోకి దిగిపోయింది.

ఎవరూ చూళ్ళేదు.
ఇంటికెళ్ళి కాఫీ పెట్టుకోవచ్చు.
రాగ్నా వాగు దాటింది, బూట్లలోకి నీళ్ళు.
మంచున్న చోట ఎరుపు, మంచు లేనిచోట ఊహ.
ఫిన్‌స్టాడ్ వాళ్ళ ముళ్ళకంచెకి ఇన్ని బూడిదరంగు వెంట్రుకలు.
ఒకచోట అది కూర్చున్నట్టుంది, గడ్డి నలిగి వెచ్చగా.
ఎండ నడినెత్తికొచ్చాక ఒక సేజ్ పొద కింద దొరికింది.
పారిపోలేదు. గాయం నాకడం ఆపి చూసింది.
పది అడుగుల దూరంలో
ఏ బైనాక్యులరూ, ఏ లెక్కా అక్కర్లేదు.

పళ్ళు అరిగి పసుపుపచ్చగా ఉన్నాయి.
ఆ మూడు పిల్లల్నీ తిన్నది ఇదో కాదో
పళ్ళు చెప్పవు.

రాత్రి మళ్ళీ అదే బల్ల. త్రాసు మీద గుడ్డ.
తేదీ. మందు ఎత్తు. తూటా ఎత్తు.
గాలి గడిలో, మొదటిసారి:
ఎడమ నుంచి, గడ్డి సగానికి వంగేంత.
ఎడం దగ్గర కలం ఆగింది.
అచ్చు వేసున్న అంగుళాలు అన్న మాట కొట్టేసి
పక్కన రాసింది: మూడు మైళ్ళు.

తర్వాత లేచి, తడి బూట్లే మళ్ళీ తొడుక్కుని
దొడ్డిలో లాంతరు వెలుగుతోందో లేదో చూడ్డానికి వెళ్ళింది.