చిప్ప

దొరస్వామి అంగట్లో మూడుసార్లు అడిగినా రేటు.
చలికాలంలో పద్నాలుగు నూర్లు,
మామిడి ఫ్యాక్టరీ తెరిచినాక పదహైదున్నర.
"నెలనెలా కట్టేది లేదు మా, ఒక్కసారే."

నెలనెలా కట్టేవి నాకు కొత్త గాదు,
చీటీ, కరెంటు, గ్రూపు లోను.
ఒక్కసారే అన్నది మాత్రం
ఇంతవరకు ఏదీ నన్ను వదిలిపోలా.

చిప్ప ఉండాది, బాక్సు లేదన్నాడు.
వేలూరు నుంచి రావాలంట. శుక్రవారమంట.
ఏ శుక్రవారమో చెప్పలా.
ఉండేది ఇయ్యప్పా అన్నా.
ఏడొందలు. వైరు పది మీటర్లు ఊరికే.

చిత్తూరు బస్టాండులో ఒళ్ళో పెట్టుకుని కూచుంటే
కండక్టరు దానికీ టికెట్టు కొట్టినాడు.
వెనక సీట్లో సుగుణక్క నవ్వు:
"సీజనంతా టెంకలు తీసి తీసి
ఆఖరికి చేతికి చిప్పొచ్చిందే!"

వేలాయుధం మిద్దెక్కి బిగించినాడు,
ఆగ్నేయానికి తిప్పి.
పొయ్యి పెట్టే మూల గదరా, ఆడేముంది అంటే
"ఆకాశంలో ఒకటి
కదలకుండా నిలబడుకోనుంది పెద్దమ్మా" అన్నాడు.
పన్నెండు గంటలు బెల్టుకాడ నిలబడేదాన్ని,
దానిమీద రొంత జాలేసింది.

మూడు శుక్రవారాలు పోయినాయి.
వైరు కొస కిటికీలోంచి దిగి
టీవీ పక్కన వేలాడతా ఉండాది.

రాత్రి మిద్దెమీద పడుకుంటే
ఎండకు కాగిన రేకు చల్లబడతా టిక్కుమంటుంది.
పాటలు, వార్తలు, హిందీవాళ్ళ పెండ్లిండ్లు
ఇప్పుడు గూడా పడతానే ఉంటాయి గదా దాంట్లో, ఊరికే.
పడినవన్నీ యాడికి పోతాయో
వేలాయుధాన్ని అడగాల.